నాన్న "బాగుంది" అన్న దసరా

మా విజయనగరంలో సంగీతం రాకపోవడం తప్పు కాదు గానీ, రాదని పైకి చెప్పుకోవడం మాత్రం తప్పే. కూరగాయల బండి ఆపి వంకాయలు ఏరుతుంటే, పక్క వీధిలో ఎవరో పాడుతున్నది విని బండివాడు పెదవి విరుస్తాడు. ఆటో ఎక్కితే, ఫోనులో పాట నడుస్తుండగా డ్రైవరు వెనక్కి తిరిగి, ఇది ఫలానా రాగం, సినిమావాళ్లు ఖూనీ చేశారు అని మనకి చెప్తాడు. రాగం పేరు తప్పే అయ్యుండొచ్చు. ఆ ధీమా చూశాక కాదనడానికి మనకి నోరు రాదు. నేను ఈ ఊళ్లోనే పుట్టాను. ఫిడేలు మాస్టారి కూతుర్ని. హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఈ మూడు ముక్కలూ వరసగా చెప్తే కొత్తవాళ్లు నా వంక జాలిగా చూస్తారు.

లెక్కల్లోకి నా అంతట నేను పోలేదు. చిన్నప్పుడు నాన్న నన్ను చాప మీద కూర్చోబెట్టి సరళీ స్వరాలు పాడించేవాడు. కొన్నాళ్లు ఓపిక పట్టాడు. ఒకరోజు శ్రుతిపెట్టె ఆపేసి, అమ్మని వంటింట్లోంచి పిలిచి, "దీని గొంతు గట్టిదేనే. ఆఖరి బెంచీదాకా వినిపిస్తాది. టీచరు ఉద్యోగానికి పనికొస్తాది" అన్నాడు. అలా నా భవిష్యత్తు తేలిపోయింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో నేను స్నానం చేస్తూ కూడా కూనిరాగం తీయలేదు.

నన్నొక్కదాన్నే అన్నాడనుకుంటే పొరపాటు. ఆయన తీర్పులు ఊళ్లో అందరికీ కంఠతా వచ్చు. హరికథ చెప్పే ఆయనతో, "కథ దివ్యంగా ఉన్నాది. మధ్యలో ఆ పాటలు తీసేస్తే ఇంకా బాగుంటాది" అన్నాడు. పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించే ఆయనతో, "నువ్వు నడుస్తూ వాయిస్తావు చూడు, అదే మంచి పద్ధతి. ఎవరింటి ముందూ ఎక్కువసేపు ఉండవు" అన్నాడు. కళింగపట్నం నుంచి అక్కగారింటికి వచ్చిన ఒక చేపల వేటగాడు, వల లాగేటప్పుడు పాడుకునే పాట వినిపిస్తే, "సముద్రం తాళం సరిగ్గానే వేస్తున్నాది కదా, నీకు తొందరేటి?" అని అడిగాడు. ఆ వేటగాడు పడీ పడీ నవ్వి, మరుసటి ఏడు తమ్ముణ్ణి కూడా తీసుకొచ్చాడు.

ఈ తీర్పులకి ఒక రోజు ఉంది. విజయదశమి పొద్దున మా వీధరుగు మీద చాప పరుస్తాం. ఆ ఏడాదిలో వాయిద్యం పట్టినవాళ్లు, నోరు విప్పినవాళ్లు ఎవరైనా సరే వచ్చి, నాన్న ముందు ఒక్క పాట వినిపించి, ఆయన చేత నాలుగు తిట్లు తిని, పులిహోర తిని పోతారు. ఇది ఎవరు మొదలుపెట్టారో మా నాన్నకే గుర్తు లేదు. దసరా నాడు మాస్టారి చేత తిట్టించుకుంటే ఏడాది పొడుగునా కచేరీలకి లోటుండదని ఒక నమ్మకం పుట్టింది. దాంతో సంగీత కాలేజీ పిల్లలే కాదు, గుడి సన్నాయి మేళం వాళ్లు, జముకుల కథ చెప్పేవాళ్లు, భజన వాళ్లు, అందరూ తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని తిట్లు తినడానికి వచ్చేవారు.

తిట్లకి లొంగని మనుషులు ఇద్దరే ఉండేవారు. ఒకరు మా పక్కింటి టీచరమ్మ గారు. మిషను స్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. బాప్టిస్టు చర్చిలో పాటలు పాడే బృందానికి ఆవిడే పెద్ద. శనివారం సాయంత్రాలు వాళ్ల హాల్లో హార్మోనియం ముందేసుకుని, మర్నాటి ఆరాధనకి పాటలు సాధన చేయిస్తారు. గోడకి ఇవతల మా నాన్న అరుగు మీద పచార్లు చేస్తూ, "అది వాయిద్యం కాదమ్మా, గాలిపెట్టె. అందులో గమకం పలకదు" అనేవాడు. ఆవిడ కిటికీలోంచి తల బయటికి పెట్టి, "మీ ఫిడేలు రెండిళ్ల అవతలకి వినపడదు మాస్టారూ. మాది పైదాకా పోవాలి కదా" అనేవారు. ఇది ముప్పై ఏళ్ల స్నేహం. అమ్మ పోయినప్పుడు వారం రోజులు మా ఇంటికి అన్నం పంపింది ఆవిడే.

రెండో మనిషి మా ఆయన మేనమామ. రాజాంలో ధాన్యం వ్యాపారం. వ్యాపారం కంటే ఆయనకి తప్పెటగుళ్లు ముఖ్యం. గుండె మీద రేకు తప్పెట కట్టుకుని, రెండు చేతులతో దాన్ని వాయిస్తూ, పాడుతూ, కాళ్లకి గజ్జెలతో ఆకాశానికి ఎగిరే ఆట అది. ఆయన బృందం మా పైడితల్లమ్మ పండక్కి వచ్చిందంటే కోట దగ్గర జనం రోడ్డు దిగి దారిస్తారు. నాన్న మాత్రం, "అది సంగీతం కాదు, వ్యాయామం" అంటాడు. నిజానికి నాన్న పుట్టింది శృంగవరపుకోట దగ్గర పల్లెలో, తప్పెట కట్టే ఇంట్లోనే. ఆ సంగతి ఆయన ముందు ఎవరూ ఎత్తరు, మావయ్య తప్ప. మావయ్య వచ్చిన ప్రతిసారీ అదే ఎత్తుతాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. కిందటేడు దసరాకి ఎప్పట్లాగే చాప పరిచాం. ముందుగా ఫిడేలు నేర్చుకునే ఒక అమ్మాయి కూర్చుంది. వర్ణం మొదలుపెట్టింది. రెండో కాలంలో చెయ్యి జారింది. జారిందని నాకే తెలిసిందంటే ఎంత జారిందో మీరే అనుకోండి. అరుగు మీద అందరం ఊపిరి బిగబట్టాం. నాన్న కళ్లు తెరిచి, తల పంకించి, "బాగుందమ్మా" అన్నాడు.

ఆ పిల్ల ఏం చెయ్యాలో తోచక అలాగే కూర్చుంది. తర్వాత సన్నాయి ఆయన వాయించాడు. బాగుంది. హరికథ ఆయన పాటలన్నీ పాడాడు, ఒక్కటీ తీసేయలేదు. అదీ బాగుంది. సన్నాయి ఆయన పులిహోర ఆకు చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "అమ్మా, మాస్టారికి ఒంట్లో బాగానే ఉన్నాది కదా?" అని గుసగుసగా అడిగాడు. ఆ ఏడు టీచరమ్మ గారు కూడా, పిల్లలు పట్టుబట్టారని, తన బృందాన్ని వెంటేసుకుని వచ్చారు. వాళ్లు పాడారు. నాన్న చేతులు జోడించి, "చాలా బాగుంది" అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆ గోడ అంతటి మాట ఎరగదు.

పండగ అవ్వకముందే కబురు ఊరంతా పాకింది. మాస్టారు మెత్తబడ్డారట. ఎన్నో ఏళ్లుగా మా వీధి తప్పించుకుని సందులోంచి తిరిగి పోయేవాళ్లంతా ధైర్యంగా వచ్చారు. పాడారు, వాయించారు, బాగుందనిపించుకున్నారు, ఫోనుల్లో వీడియోలు తీసుకున్నారు. ఒకాయన స్కూలు వార్షికోత్సవంలో పాడబోతూ, తన ఫొటో కింద "ఫిడేలు మాస్టారి మెప్పు పొందిన గాయకుడు" అని ఫ్లెక్సీ కట్టించాడు. ఆయన పాట నేను విన్నాను. నాన్న కూడా ఎదురుగా కూర్చుని విన్నాడు, తల పంకించాడు.

ఇంట్లో మాకు సంతోషంగానే ఉండేది. అమ్మ పోయాక నేనూ మా ఆయనా నాన్న దగ్గరే ఉంటున్నాం. షుగరు మాత్రలు మార్చాక మనిషి మారాడని మా ఆయన వాదన. వయసు అని నేనన్నాను. ముసలితనంలో కొందరికి చాదస్తం వస్తుంది, మా నాన్నకి మంచితనం వచ్చింది అనుకున్నాం. ఇంకే ఊళ్లోనైనా పిలిస్తే పలకని ముసలాయన్ని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోతారు. మేము, రాగంలో ఉన్నాడు, కదపకండి అనుకున్నాం. వేళ్లు నొప్పెడుతున్నాయని ఫిడేలు పెట్టెలో పెట్టేశాడు. వేళ్లకి నూనె రాశాం.

ఆ రోజుల్లోనే నేను పాట మొదలుపెట్టాను. ఒక ఆదివారం బెండకాయలు తరుగుతుంటే, అమ్మ సాయంత్రాలు పాడే హారతి పాట నాకు తెలియకుండానే గొంతులోకి వచ్చింది. సగంలో గుర్తొచ్చి, కత్తిపీట ముందు గడ్డకట్టుకుపోయాను. హాల్లో నాన్న పేపరు చదువుకుంటున్నాడు. ఏమీ అనలేదు. మర్నాడు ఇంకొంచెం పాడాను. ఆ పై వారం చరణం కూడా అందుకున్నాను. మీకు చెప్తే నవ్వుతారు గానీ, యాభై దాటిన మనిషిని, స్కూల్లో పిల్లల్ని గడగడలాడించేదాన్ని, వంటింట్లో నిలబడి పాడుకుంటుంటే నాకు కళ్లు చెమర్చేవి. నాన్న విని కూడా ఊరుకుంటున్నాడు కదా అని పొంగిపోయేదాన్ని. పప్పు మాడిపోయినా సరే, పాట ఆపేదాన్ని కాదు.

ఊరంతా నమ్మిన మంచితనాన్ని నమ్మనిది టీచరమ్మ గారొక్కరే. దసరా అయిన రెండు నెలలకి ఒకరోజు పెరటి గుమ్మంలోంచి వచ్చి అడిగారు.

"ఒసే అమ్మాయ్, మీ నాన్నకి ఏటైంది?"

"ఏటీ కాలేదు టీచరమ్మా. మీ పాట మెచ్చుకున్నాడు కదా."

"అదే అడుగుతన్నాను. దసరా నాడు మా పాటలో రెండో గొంతు కలిపే పిల్ల మొత్తం తప్పింది. నాకే తల కొట్టేసినట్టయింది. మాస్టారు చాలా బాగుందన్నారు. నన్ను ఆయన మెచ్చుకున్నారంటే, అయితే ఆయనకి మతి పోవాలి, లేకపోతే ఇంకేదో పోవాలి."

నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. శనివారం సాయంత్రం అరుగు మీదకి వచ్చి నిలబడు, ఏటీ మాట్లాడకు అని చెప్పి వెళ్లిపోయారు.

ఆ శనివారం నాన్న పడకకుర్చీలో పేపరు చదువుతున్నాడు. టీచరమ్మ గారు హార్మోనియాన్ని సరిగ్గా మా వైపు కిటికీలోకి జరుపుకున్నారు. పక్కపక్కన ఉన్న మెట్లు రెండు, పై స్థాయిలోవి, ఒక్కసారి నొక్కి పట్టి తిత్తి ఊదడం మొదలుపెట్టారు. నా పళ్లు జివ్వుమన్నాయి. సైకిలు మీద పోతున్నతను కాలు నేలకి ఆనించి చూశాడు. ఎదురింటి కుక్క లేచి వెళ్లిపోయింది. అలాంటి చప్పుడు ఒకప్పుడు మా గోడ దాటి వచ్చి ఉంటే నాన్న లేచి పోలీసు స్టేషనుకి వెళ్లేవాడు.

నాన్న పేజీ తిప్పాడు.

ఆవిడ ఇంకాసేపు అలాగే పట్టుకున్నారు, ఇప్పుడైనా ఒక తిట్టు వస్తుందేమో అని. తర్వాత వేళ్లు తీసేసి, హార్మోనియం మూసి, కిటికీ ఊచలు పట్టుకుని నా వంక చూశారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను కుర్చీ వెనక్కి వెళ్లి, మామూలు గొంతుతో, "నాన్నా, కాఫీ తాగుతావా?" అన్నాను. పలకలేదు. క్లాసులో అరిచే గొంతుతో అడిగితే ఉలిక్కిపడి తిరిగి చూశాడు. ఇన్నాళ్లూ నా ఈ గొంతు వల్లే ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. నాకు అక్కడే ఏడుపొచ్చింది. ఎందుకేడుస్తున్నానో ఆయనకి అర్థం కాక, "ఏటే, పాలు విరిగిపోయినాయా?" అని అడిగాడు.

తర్వాత అన్నీ ఒకటొకటిగా తెలిసొచ్చాయి. పిల్లల పాఠాల్లో ఆయన వినడం లేదు, చూస్తున్నాడు. వేలు తీగ మీద ఎక్కడ పడిందో చూసి కొంత దిద్దేవాడు. పాడేవాళ్లయితే వాళ్ల చేతి తాళం చూసి తల పంకించేవాడు. ఫిడేలు పెట్టెలో పెట్టింది వేళ్ల నొప్పికి కాదు. అడిగితే ఒప్పుకోలేదు.

"నాకు వినపడకపోవడమేటే? మీరంతా గొణుగుతున్నారు. ఈ ఊళ్లో గట్టిగా మాట్లాడేవాడే లేకుండా పోయాడు."

చెవిలో గుబిలి తీయిద్దామని నమ్మించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన నాన్నని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, రకరకాల చప్పుళ్లు వినిపించాడు. కింది స్థాయి శబ్దాలు బాగానే అందుతున్నాయి, పై స్థాయివి దాదాపు పోయాయి అన్నాడు. అంటే డోలు వినిపిస్తుంది, సన్నాయి వినిపించదు. మనుషుల గొంతులు వినిపిస్తాయి గానీ మాటలు తెలియవు. చెవికి మిషను పెట్టాలి. నాన్న అంతా చూస్తూ కూర్చుని, చివర్లో డాక్టరుతో, "మీ యంత్రానికి శ్రుతి సరిగ్గా లేదండీ. ఒకసారి చూపించుకోండి" అన్నాడు.

ఇంటికొచ్చాక మిషను మాటెత్తితే మండిపడ్డాడు. ఫిడేలు మాస్టారు చెవిలో బిళ్ల పెట్టుకుని కూర్చుంటే పాఠానికి ఎవడొస్తాడు, ముందు ఆ సన్నాయివాడే నవ్వుతాడు అన్నాడు. రెండ్రోజులు మాతో కలిసి భోజనానికి కూర్చోలేదు. మూడో రోజు నేను కంచం ఆయన గదిలోకే తీసుకెళ్లి ఎదురుగా కూర్చున్నాను. అన్నం కలుపుతూ, నా మొహం చూడకుండా చెప్పాడు.

"ఇన్నేళ్లూ అందరికీ శ్రుతి తప్పిందని చెప్పానే. ఇప్పుడు నా చెవే తప్పని తెలిస్తే, అప్పుడు చెప్పినవన్నీ కూడా తప్పే అంటారు."

ఆయన దగ్గర డబ్బు లేదు, బిరుదులు లేవు. ఉన్నదల్లా ఆ చెవి. అది పోయిందని ఊరికి తెలియడం కంటే, ఆ నిశ్శబ్దంలోనే కూర్చుని అందరినీ బాగుంది, బాగుంది అంటూ బతికేయడం ఆయనకి సుఖంగా ఉంది. నేనది ఒప్పుకోదలచుకోలేదు. నాకు మా తిట్టే నాన్న కావాలి. రాజాంకి ఫోను చేశాను.

మావయ్య ఆదివారం పొద్దున్నే దిగాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, చెవిలో మెరిసిపోతున్న మిషను. ఆయనకి మిషను ఉందని నాకు ముందే తెలుసు. రేకు తప్పెట గుండె మీద కట్టుకుని కొట్టీ కొట్టీ ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. దాన్ని ఆయన దాచుకోడు, మెడలో గొలుసులా చూపించుకుంటాడు.

"సూడు బావా, ఇది ఫోనుకి కూడా కలుస్తాది. ఫోనొస్తే నా సెవిలోనే మోగుతాది. పక్కోడికి తెలీదు."

నాన్న మొహం అటు తిప్పుకున్నాడు. పాఠానికి పిల్లలు వచ్చారు. మావయ్య కూడా చాప మీద, నాన్న పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. దసరా నాడు చెయ్యి జారిన అమ్మాయి కీర్తన వాయించింది. నాన్న తల పంకించబోయేలోపు మావయ్య అందుకున్నాడు.

"బాగున్నాది గానీ పాపా, సప్పుడు సాల్లేదు. ఆ కమాను నొక్కిపెట్టి లాగు. ఇన్నోడి గుండె అదరాల."

పిల్ల భయంభయంగా కమాను నొక్కి లాగింది. తలుపు కిర్రుమన్నట్టు అరిచింది ఫిడేలు. "అద్గదీ!" అన్నాడు మావయ్య. పక్కన ఉన్న మిగతా పిల్లలు కూడా పెద్దాయన చెప్పాడు కదా అని కమానులు నొక్కడం మొదలుపెట్టారు. ఆ అరుగు మీద అలాంటి మోత నేను పుట్టి ఎరగను. గోడ అవతల టీచరమ్మ గారు కిటికీ రెక్కలు వేసేసుకున్నారు. మావయ్యకి మంచి హుషారొచ్చింది. ఒకడికి నిలబడి వాయించమన్నాడు. ఇంకొకడికి కాలు కదపమన్నాడు.

నాన్నకి ఆ గోలలో ఏమందుతోందో నాకు తెలియదు గానీ, కమానులు తీగల మీద ఎంత బరువుగా ఆనుతున్నాయో ఆయన కళ్లకి కనిపిస్తోంది. కూర్చున్నచోటే ముందుకి వంగాడు.

"ఏటే అది? ఆ పిల్ల కమాను అలా నొక్కుతున్నాదేటి? ఎవరు చెప్పారు?"

పిల్లలు మావయ్య వంక చూశారు. ఆయన నాన్న చెవి దగ్గరికి వంగి, తప్పెట ముందు పాడే గొంతుతో చెప్పాడు.

"నేనే సెప్పాను బావా. ఇనపడ్డోడు సెప్పాలి కదా!"

నాన్న లేచి లోపలికి వెళ్లిపోయాడు. మావయ్య నా వంక చూసి కన్నుగీటి, ఆ పాఠం ఎప్పట్నుంచో తనదే అన్నట్టు కొనసాగించాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన వచ్చే ఆదివారం కూడా వస్తాననీ, పిల్లలకి ఎగరడం నేర్పుతాననీ ప్రకటించాడు. నాన్న మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "ఆ డాక్టరు రేపు ఎన్నింటికి ఉంటాడే?" అన్నాడు.

మిషను పెట్టించుకుని ఇంటికి వచ్చిన రోజు ఆయనకి అన్నీ ఆశ్చర్యమే. ఫ్యాను తిరిగే చప్పుడు, చెప్పుల చప్పుడు, కుక్కరు, వీధిలో ఉప్పు బండివాడు. "ఈ ఇల్లు ఇంత గోల చేస్తాదా?" అన్నాడు. మేమంతా నవ్వాం. తర్వాత చేతులు కడుక్కుని, ఫిడేలు పెట్టె తెరిచి, బిరడాలు తిప్పి, శ్రుతి చేసుకుని, ఒక్కసారి కమాను లాగాడు. ఆగాడు. మళ్లీ లాగాడు.

"ఫిడేలు కాదే ఇది. మీ మావయ్య రేకుడబ్బా."

అందరం మళ్లీ నవ్వాం. ఆయన నవ్వలేదని కొంచెం ఆలస్యంగా గమనించాం. ఆ మిషను మాటలు వినడానికి చేసింది, పాటకి కాదు. అలవాటయ్యేకొద్దీ కొంత నయం అవుతుంది గానీ, మునుపటిలా ఎప్పటికీ వినపడదని డాక్టరు ముందే చెప్పాడు. నాన్న ఫిడేలు తుడిచి పెట్టెలో పెట్టాడు. ఆ సాయంత్రం పాఠానికి కూర్చుని, పిల్లలు వెళ్లాక నాతో అన్నాడు.

"స్వరం పడిందో లేదో తెలుస్తున్నాదే. ఎలా పడిందో తెలియడం లేదు."

అంతకు మించి ఆయన ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నేను అడగలేదు. అడిగి ఏం చేస్తాను?

ఊళ్లో మాత్రం పండగలా ఉంది. మాస్టారికి చెవులొచ్చాయని తెలియగానే ఫ్లెక్సీ పెట్టించినాయన ఎవరూ చూడకముందే దాన్ని విప్పించి, గేదెల కొట్టానికి పరదా కట్టుకున్నాడు. సన్నాయి ఆయన పని గట్టుకుని వచ్చి వాయించాడు. నాన్న వినీ వినగానే, "నీ పెదవికి పని తక్కువ, బుగ్గకి పని ఎక్కువ" అన్నాడు. ఆయన వీధి చివరదాకా ఆ మాట అందరికీ చెప్పుకుంటూ, చంకలు గుద్దుకుంటూ వెళ్లాడు. ఎవరూ నవ్వలేదు. పాత తీర్పులు తప్పని ఎవరూ అనలేదు. టీచరమ్మ గారు తన బృందాన్ని మళ్లీ తీసుకొచ్చారు. పాట అయ్యాక నాన్న ఆ రెండో గొంతు పిల్లని పేరు పెట్టి కడిగేసి, ఆ గాలిపెట్టె ఉన్నంతకాలం ఈ చర్చికి మోక్షం లేదన్నాడు. "హమ్మయ్య, స్తోత్రం" అని ఆవిడ రెండు చేతులూ పైకెత్తారు.

నేను మాత్రం పాడటం మానేశాను. ఎవరూ మానమనలేదు. మిషను ఇంట్లోకి వచ్చిన రోజే నా నోరు దానంతట అదే మూసుకుపోయింది. నాన్న బాగుపడ్డాడన్న సంతోషంలో ఇది పెద్ద లెక్కలోకి రాదని సర్దిచెప్పుకున్నాను. కానీ కూర తరుగుతూ పాట ఎత్తుకోబోయి, ఆపేసుకునేదాన్ని.

మొన్న స్కూలుకి సెలవు. మా ఆయన ఊళ్లో లేడు. నాన్న మధ్యాహ్నం నిద్ర లేవడానికి ఇంకా చాలా టైముందనుకుని, పిండి కలుపుతూ పాట ఎత్తుకున్నాను. చరణం సగం అయ్యాక గుమ్మం వైపు తిరిగితే, నాన్న నిలబడి ఉన్నాడు. చెవిలో మిషను ఉంది. నా చెయ్యి పిండిలో ఆగిపోయింది.

"ఎప్పట్నుంచే ఇది?"

"ఏది?"

"పాట."

ఇవాళే ఏదో తోచి పాడానని చెబుదామనుకున్నాను. నోటికి నిజమే వచ్చింది.

"నీకు వినపడటం మానేసినప్పట్నుంచి నాన్నా."

ఏదో ఒక తీర్పు వస్తుందని నేను తల వంచుకుని ఉన్నాను. వచ్చినా పర్వాలేదు, తట్టుకుంటాను అనుకున్నాను. ఆయన చెవి దగ్గరికి చెయ్యి పోనిచ్చి, మిషను ఊడదీసి, పోపులపెట్టె పక్కన పెట్టాడు.

"ఇది ఉంటే నేను ఊరుకోలేనే. నువ్వు పాడు."

స్టూలు లాక్కుని, నా పెదవులు కనిపించేలా ఎదురుగా కూర్చుని, తొడ మీద తాళం మొదలుపెట్టాడు.